అవార్డుల సీజన్‌ని మన ఊళ్లో ఉండి ఫాలో అవ్వడం ఎలా?

గుంటూరులో డిగ్రీ చదువుతున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. సినిమాలంటే ప్రాణం. కానీ ఏటా ఆస్కార్ ఇచ్చిన మర్నాడు విజేతల పేర్లు చదవడమే తప్ప, వాటిలో సగం సినిమాలు ఎప్పుడొచ్చాయో కూడా తెలియడం లేదు. జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడు మాత్రం స్నేహితులతో గొడవలు. ఈ సీజన్‌ని పద్ధతిగా ఫాలో అవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, హైదరాబాద్‌లోనో ముంబైలోనో లేకుండా అది కుదిరే పనేనా అని అడిగాడు.

కుదురుతుంది తమ్ముడూ. నేను విజయవాడలో ఉంటూనే చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నిజానికి ఇందులో సగం విద్య మీకు ఇప్పటికే వచ్చు. మన వైపు కుర్రాళ్లకి విజయవాడ గాంధీనగర్‌లో ఏ డిస్ట్రిబ్యూటర్ ఏ సినిమా కొన్నాడో, కృష్ణా ఏరియా షేర్ ఎంతో, గుంటూరు ఏరియా షేర్ ఎంతో, పెట్టిన డబ్బు తిరిగొచ్చి బ్రేక్ ఈవెన్ అయిందో లేదో నోటికి వచ్చేస్తుంది. ఆ లెక్కల మీద పెట్టే శ్రద్ధ అవార్డుల మీద పెడితే చాలు. అక్కడ తెలుసుకోవాల్సిన లెక్క ఒక్కటే: ఎవరు ఓటేస్తున్నారు, ఎలా వేస్తున్నారు. అది తెలియకుండా చేసే వాదన అంతా గాల్లో కత్తి తిప్పడమే.

ముందుగా ఒక అలవాటు చేసుకోండి. ఫలితాలు రాకముందే నామినేషన్ల జాబితా దగ్గర పెట్టుకోండి. గెలిచినవాళ్లది ఒక్క పేరు. నామినేషన్లలో ఒక్కో విభాగానికీ ఐదు పేర్లుంటాయి, ఉత్తమ చిత్రానికైతే పది. మీకు చూడటానికి దొరికే సరుకంతా అక్కడే ఉంది. ఆస్కార్ నామినేషన్లు జనవరిలో వస్తాయి, వేడుక మార్చిలో. మధ్యలో ఆరేడు వారాల టైముంటుంది. ఆ వారాల్లో ఒక్క విభాగంలోని ఐదింటినీ పూర్తిగా చూసి, మీ ఓటు ఎవరికో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత ఫలితం ఏదొచ్చినా మీ మాటకు ఒక ఆధారం ఉంటుంది.

మన దగ్గరివి కాబట్టి జాతీయ అవార్డుల సంగతి ముందు చెప్తాను. వీటి గురించి జరిగే గొడవల్లో చాలా వరకు ఒక్క విషయం తెలియక జరిగేవే. ఏ సినిమా ఏ ఏడాదికి లెక్క అనేది థియేటర్‌లో విడుదలైన తేదీని బట్టి ఉండదు, సెన్సార్ సర్టిఫికెట్ తేదీని బట్టి ఉంటుంది. 'ఆర్ఆర్ఆర్' మనం చూసింది 2022 మార్చి 25న. దానికి ఆరు జాతీయ అవార్డులొచ్చింది మాత్రం 2021 సంవత్సరానికి. దానికి ముందు 2022 జనవరి 7న విడుదల చేద్దామనుకున్నారు కాబట్టి సర్టిఫికెట్ అంతకుముందే వచ్చేసింది. 'హనుమాన్' 2024 సంక్రాంతికి వచ్చింది, అవార్డు 2023 సినిమాల్లో తీసుకుంది. ఇది తెలిస్తే 'ఆ ఏడాది వచ్చిన ఫలానా సినిమాని పక్కన పెట్టి దీనికెలా ఇచ్చారు' అనే ప్రశ్నలు చాలా వరకు ఆగిపోతాయి.

రెండోది, నిర్మాత పంపకపోతే సినిమా పోటీలోనే ఉండదు. పంపినవాటిని ముందు ప్రాంతీయ జ్యూరీలు చూస్తాయి. అవి ఐదు. తెలుగు సినిమాలు కన్నడంతో కలిసి సౌత్ రెండో ప్యానెల్‌కి వెళ్తాయి. అక్కడ వడపోశాక మిగిలినవి ఢిల్లీలో సెంట్రల్ జ్యూరీ చూస్తుంది. కొద్దిమంది ఒక గదిలో కూర్చుని చర్చించుకుని తేల్చే వ్యవహారం ఇది. ఆ కొద్దిమంది ఏటా మారతారు. అందుకే పోయిన ఏడాది జ్యూరీ అభిరుచిని చూసి ఈ ఏడాది జోస్యం చెప్పడం కుదరదు. నామినేషన్లు కూడా బయటికి చెప్పరు, నేరుగా ఫలితమే. పైగా ఆలస్యం: 2021 సినిమాలకు 2023 ఆగస్టులో, 2023 సినిమాలకు 2025 ఆగస్టులో ప్రకటించారు.

మరి నామినేషన్లే లేనప్పుడు ఏం చూడాలి? ఫలితాల జాబితా మొత్తం చదవండి. మనవాళ్లు ఉత్తమ నటుడు, ఉత్తమ తెలుగు చిత్రం దగ్గర ఆగిపోతారు. కింద ఉత్తమ అస్సామీ చిత్రం, ఉత్తమ మలయాళ చిత్రం, ఉత్తమ మరాఠీ చిత్రం అని వరసగా ఉంటాయి. ఆ వరసే మీకు ఏడాది పొడవునా చూసుకోవడానికి సరిపోతుంది. నేను చూసిన మంచి సినిమాల్లో ఎన్నో ఆ వరసలోంచి పట్టుకున్నవే.

ఇంకో పని చేయండి. ఒక సినిమాకి అవార్డు వచ్చిందంటే ఎవరి పనికి వచ్చిందో కూడా గుర్తుపెట్టుకోండి. 'ఆర్ఆర్ఆర్'కి ఆరు అంటారు కానీ ఆ ఆరూ చెప్పమంటే తడుముకుంటారు. సంపూర్ణ వినోదం అందించిన జనాదరణ చిత్రం ఒకటి. నేపథ్య సంగీతానికి కీరవాణి. 'కొమురం భీముడో' పాడిన కాలభైరవ. నృత్య దర్శకత్వానికి ప్రేమ్ రక్షిత్. ఫైట్లకి కింగ్ సాలమన్. విజువల్ ఎఫెక్ట్స్‌కి శ్రీనివాస మోహన్. అదే ఏడాది 'పుష్ప'కి అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యాడు. తెలుగు సినిమా నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. అవార్డులు మొదలైంది 1953 సినిమాలతో కదా, ఎంత కాలం పట్టిందో చూడండి. నటీమణుల్లో మాత్రం మన తెనాలి అమ్మాయి శారద గారు ఎప్పుడో మూడుసార్లు ఉత్తమ నటి అనిపించుకున్నారు. రెండు మలయాళ చిత్రాలకు, మూడోది తెలుగు 'నిమజ్జనం'కి. గుంటూరు కుర్రాడిగా ఆ సినిమా మీరు వెతికి మరీ చూడాలి. ఇది నా కోరిక అనుకోండి.

ఇక ఆస్కార్. దీని నడక పూర్తిగా వేరు. జ్యూరీ ఉండదు, ఆస్కార్ ఇచ్చే అకాడమీలోని వేల మంది సినిమావాళ్లు సభ్యులుగా ఓటేస్తారు. నామినేషన్ల దశలో ఏ శాఖవాళ్లు ఆ శాఖకే: ఎడిటర్లు ఎడిటింగ్‌కి, నటులు నటనకి, సంగీతం వాళ్లు సంగీతానికి. ఉత్తమ చిత్రానికి మాత్రం అందరూ. తుది దశలో అన్ని విభాగాలకూ అందరూ ఓటేయొచ్చు. 2025లో ఒక కొత్త నిబంధన పెట్టారు: ఒక విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూస్తేనే ఆ విభాగంలో ఓటు. నన్నడిగితే ఇది ఎప్పుడో రావాల్సిన నిబంధన.

'నాటు నాటు' ఈ దారిలో ఎలా వెళ్లిందో ఒక్కసారి చూస్తే మొత్తం అర్థమవుతుంది. మన దేశం తరఫున ఆ ఏడాది అధికారికంగా వెళ్లింది 'ఆర్ఆర్ఆర్' కాదు, గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'. అంతర్జాతీయ చిత్రం విభాగంలో దేశానికి ఒక్కటే ఎంట్రీ, దాన్ని ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఎంపిక చేస్తుంది. అప్పట్లో మన వైపు ఎంత ఆవేశపడ్డారో నాకు బాగా గుర్తుంది. కానీ ఆ తలుపు మూసుకున్నా మిగతా విభాగాల తలుపులు తెరిచే ఉంటాయి. అమెరికాలో నిబంధనల ప్రకారం థియేటర్లో ఆడిన సినిమా ఏ దేశానిదైనా వాటిలో పోటీ పడొచ్చు. 2022 జూన్ 1న అమెరికాలో అక్కడి డిస్ట్రిబ్యూటర్ మళ్లీ ఒక్క రాత్రి షోలు వేశాడు, అక్కడి ప్రేక్షకులు థియేటర్లలో డాన్సులు చేశారు. డిసెంబర్‌లో పాటల షార్ట్‌లిస్ట్‌లో, అంటే నామినేషన్లకి ముందు వడపోసిన జాబితాలో, 15 పాటల్లో చేరింది. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ గెలిచింది. అదే నెల 24న నామినేషన్. అమెరికాలో మార్చి 12, మనకి 13వ తేదీ సోమవారం ఉదయం, లేడీ గాగా పాటనీ రిహానా పాటనీ దాటి ఆస్కార్ అందుకుంది.

అప్పుడు నన్ను చాలామంది అడిగారు, 'పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకి ఎందుకివ్వలేదు, ఆ స్టెప్పులు కంపోజ్ చేసిన ప్రేమ్ రక్షిత్ పేరెందుకు లేదు' అని. న్యాయమైన ప్రశ్నే. ఆ విభాగం పాటని రాసినవాళ్లదీ బాణీ కట్టినవాళ్లదీ. అందుకే ప్రతిమలు చంద్రబోస్‌కీ కీరవాణికీ వెళ్లాయి. గాయకులకు ఆస్కార్‌లో విభాగమే లేదు, నృత్య దర్శకులకూ లేదు. మన జాతీయ అవార్డుల్లో ఈ ఇద్దరికీ చోటుంది. పాటని, ఆటని మన సినిమా ఎంతగా నమ్ముకుందో ఆ విభాగాలే చెప్తాయి. ఈ విషయంలో మన జాబితాయే మెరుగని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు ఉత్తమ చిత్రం లెక్క. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, సీజన్ మొత్తంలో నాకు బాగా నచ్చేది ఇదే. మిగతా విభాగాల్లో తుది దశలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే విజేత. ఉత్తమ చిత్రానికి అలా కాదు, సభ్యులు పది సినిమాలకూ ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు ఇవ్వాలి. మొదటి ర్యాంకుల్లో సగానికి పైగా ఎవరికీ రాకపోతే, అందరికన్నా తక్కువ వచ్చిన సినిమాని తీసేసి, ఆ ఓట్లని వాళ్ల రెండో ఇష్టానికి బదిలీ చేస్తారు. ఏదో ఒకటి సగం దాటేదాకా ఇలాగే నడుస్తుంది.

చదివితే తికమకగా ఉంటుంది, చేసి చూస్తే సులువు. మేం ఏటా సత్యనారాయణపురంలో ఒక స్నేహితుడి ఇంటి మేడ మీద చేస్తాం. తలా ఒక చీటీ, ర్యాంకులు రాసి డబ్బాలో వేస్తాం. ఒక ఏడాది మేం పదమూడు మందిమి, సినిమాలు నాలుగే పెట్టుకున్నాం. గెలవాలంటే ఏడు రావాలి. మొదటి లెక్కలో యుద్ధం సినిమాకి ఐదు, ఒక కుటుంబ కథకి నాలుగు, హారర్‌కి మూడు, ప్రేమకథకి ఒకటి. యుద్ధం సినిమా అభిమానులు అప్పుడే గెలిచేశామని కేకలు. ప్రేమకథ చీటీ తీశాం, రెండో ర్యాంకు కుటుంబ కథకి ఉంది. ఐదూ ఐదూ అయింది. హారర్ చీటీలు మూడూ విప్పాం. రెండు కుటుంబ కథకి, ఒకటి యుద్ధానికి. ఏడు, ఆరు. అంతే, మొదటి లెక్కలో వెనకబడిన సినిమా గెలిచింది. యుద్ధం సినిమా కొందరికి ప్రాణం, మిగతావాళ్ల చీటీల్లో మూడోదో నాలుగోదో. కుటుంబ కథని కాదన్నవాడు దాదాపు ఎవరూ లేడు. ఓడినవాళ్లు చీటీలు తీసుకుని రెండుసార్లు మళ్లీ లెక్కపెట్టారు.

2022లో ఆస్కార్‌లో ఏం జరిగిందో ఈ లెక్క పెట్టుకుని చూడండి. 'ది పవర్ ఆఫ్ ది డాగ్'కి 12 నామినేషన్లు, 'కోడా'కి మూడే. ఉత్తమ చిత్రం 'కోడా'. మూడింటికి మూడూ గెలిచింది. పన్నెండున్న సినిమాకి దర్శకత్వం ఒక్కటే దక్కింది. చాలామంది ఆశ్చర్యపోయారు కానీ నిర్మాతల గిల్డ్ (అక్కడి నిర్మాతల సంఘం) అవార్డు అంతకుముందే 'కోడా'కి వచ్చింది. ఆ గిల్డ్ కూడా ర్యాంకుల పద్ధతే వాడుతుంది. అందుకని ఫిబ్రవరి ప్రాంతంలో గిల్డ్ ఫలితాల మీద కన్నేసి ఉంచమంటాను. గోల్డెన్ గ్లోబ్ ఇచ్చేవాళ్లు జర్నలిస్టులు, వాళ్లకి ఆస్కార్ ఓటు లేదు. గిల్డ్‌ల్లో ఉన్నవాళ్లలో చాలామందికి రెండుచోట్లా ఓటుంది. అలాగని గిల్డ్ ఎప్పుడూ సరిపోతుందనుకోవద్దు. 2020లో నిర్మాతల గిల్డ్, దర్శకుల గిల్డ్ రెండూ '1917' వైపు ఉంటే ఆస్కార్ 'పారసైట్'కి వెళ్లింది. ఆ ఏడాది నటుల గిల్డ్ మాత్రం 'పారసైట్' బృందానికే ఇచ్చింది. సూచన ఉంది, చూసేవాళ్లు చూశారు.

చూడటం ఎక్కడ అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఈ పోటీ సినిమాలు మన మల్టీప్లెక్సులకి తక్కువే వస్తాయి. వచ్చినా ఒక వారం, అదీ రాత్రి ఆఖరి షో. శుక్రవారం షెడ్యూల్ రాగానే చూసుకుని, మొదటి మూడు రోజుల్లోనే వెళ్లిపోండి. సోమవారానికి ఉంటుందన్న నమ్మకం లేదు. గుంటూరులో పడకపోతే విజయవాడలో పడొచ్చు, బస్సులో గంట ప్రయాణం. మిగతావి నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, జియోహాట్‌స్టార్, ముబి లాంటి వాటిలో మెల్లగా వస్తాయి. అన్నీ ఒకేసారి కట్టక్కర్లేదు. జాబితా ముందు పెట్టుకుని ఏది ఎందులో ఉందో చూసుకుని ఒక్కోదానికి ఒక్కో నెల కడితే సరిపోతుంది. షార్ట్ డాక్యుమెంటరీలు కొన్ని యూట్యూబ్‌లో ఉచితంగానే దొరుకుతాయి, కాలేజీ కుర్రాళ్లకి మొదలుపెట్టడానికి అదే మంచి విభాగం. 2023లో మన దేశపు 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' గెలిచింది ఆ విభాగంలోనే. దొంగ కాపీల జోలికి మాత్రం వెళ్లొద్దు. కెమెరా పనికో సౌండ్ పనికో నామినేట్ అయిన సినిమాని మసక ప్రింట్‌లో, నలిగిన సౌండ్‌తో చూస్తే మీరు చూసింది ఆ సినిమా కానే కాదు.

కాస్త డబ్బు, వీలు కూడినప్పుడు నవంబర్‌లో గోవాలో జరిగే అంతర్జాతీయ చిత్రోత్సవం ఇఫీకి వెళ్లిరండి. డెలిగేట్‌గా పేరు నమోదు చేసుకుంటే రోజంతా సినిమాలే. ఆ తర్వాత సీజన్‌లో పేర్లు వినిపించే విదేశీ సినిమాలు కొన్ని అక్కడే ముందు దొరుకుతాయి. విజయవాడ, గుంటూరు మీదుగా వాస్కోడగామా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, కాకపోతే రోజూ ఉండదు, ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి.

చూసేటప్పుడు ఏడాదికి ఒక్క పనితనాన్ని పట్టుకోండి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ అందదు. సౌండ్‌తో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే మనం అందరికన్నా తక్కువ పట్టించుకునేది దాన్నే. మీకు బాగా తెలిసిన సన్నివేశం తీసుకోండి, 'కొమురం భీముడో' అనుకుందాం. ఒకసారి మామూలుగా చూడండి. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని వినండి: గొంతు ఎక్కడ తగ్గుతోంది, కొరడా దెబ్బ పాట మీద పడుతోందా పాట ఆగిన చోట పడుతోందా, జనం అలికిడి ఎప్పుడు మొదలైంది. మూడోసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. ఆ మూడో చూపులో ఏం పోయిందో తెలుస్తుంది, పోయిందంతా సౌండ్ వాళ్ల కష్టమే. ఇలా నాలుగైదు సన్నివేశాలు చేశాక ఆ ఏడాది సౌండ్ నామినేషన్లు చూడండి, చెవులు వేరేగా పనిచేస్తాయి. మరుసటి ఏడాది ఎడిటింగ్ పట్టుకోండి. 1981 నుంచి 2013 దాకా ఆస్కార్ ఉత్తమ చిత్రంగా గెలిచిన ప్రతి సినిమాకీ ఎడిటింగ్ నామినేషన్ ఉంది. 'బర్డ్‌మ్యాన్'తో ఆ వరస తెగింది.

రాష్ట్ర అవార్డుల సంగతి చెప్పాలంటే బాధగానే ఉంటుంది. 1964లో మొదలైన నంది అవార్డులంటే మా ఇళ్లలో పండగలా ఉండేది. స్వర్ణ నంది ఎవరికి, రజతం ఎవరికి, కాంస్యం ఎవరికి అని పేపర్ పంచుకుని చదివేవాళ్లం. 2017 నవంబర్‌లో 2014, 2015, 2016 ఏళ్లకి కలిపి ప్రకటించారు, పెద్ద వివాదమైంది, ఆ తర్వాతి ఏళ్ల సినిమాలకి ప్రకటనే లేకుండా పోయింది. తెలంగాణ 2025లో గద్దర్ అవార్డులు మొదలుపెట్టి ఇచ్చింది. మనకీ సినిమా నందులు మళ్లీ ఏటా ఇవ్వాలి, అదీ ఆలస్యం లేకుండా ఇవ్వాలి. చిన్న సినిమా తీసినవాడికి, మొదటిసారి పాట రాసినవాడికి, పల్లెటూరి నుంచి వచ్చిన నటుడికి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు వేరు. అది ఆగిపోవడం వల్ల నష్టపోయేది స్టార్లు కాదు, వీళ్లే. రేపల్లె దగ్గర పుట్టి, గుంటూరు హిందూ కాలేజీలో, ఏసీ కాలేజీలో చదువుకున్న విశ్వనాథ్ గారు 2016 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్నారు. ఆయన 'స్వాతిముత్యం' మన దేశం తరఫున ఆస్కార్‌కి అధికారిక ఎంట్రీగా వెళ్లింది. అలాంటివాళ్లు పుట్టిన చోట అవార్డుల మాట హీరోల గొడవగా మిగిలిపోకూడదు.

గొడవల గురించి రెండే మాటలు. 'మా హీరోకి ఎందుకు రాలేదు' అన్నవాడిని, ఆ ఏడాది వచ్చినవాడి సినిమా చూశావా అని అడగండి. చూడలేదంటే వాదన ఆపేసి ఆ సినిమా లింక్ పంపండి.

వేడుక లైవ్ చూడాలనుకుంటే టైమ్ విషయంలో జాగ్రత్త. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు. 2025లో వేడుక అంతకుముందే వచ్చింది కాబట్టి మనకి ఉదయం 5:30కి మొదలైంది. గడియారం మారాక అదే టైముకి మొదలుపెడితే మనకి 4:30 అవుతుంది. ఎప్పుడైనా సోమవారం ఉదయమే, కాలేజీ మొదటి పీరియడ్ సంగతి ముందే చూసుకోండి.

సీజన్ మీకు నిజంగా మొదలయ్యేది సెప్టెంబర్‌లో. వెనిస్, టొరంటో ఉత్సవాల వార్తలు అప్పుడే వస్తాయి. ఆ రోజుల్లోనే మన దేశం ఎంట్రీ కూడా ప్రకటిస్తారు. ఇన్నేళ్లలో అంతర్జాతీయ చిత్రం విభాగంలో మనవి తుది ఐదింటి దాకా వెళ్లినవి 'మదర్ ఇండియా', 'సలామ్ బాంబే', 'లగాన్' మూడే. ముందు ఆ మూడూ చూసేయండి, అవి దొరకడం కష్టం కాదు. డిసెంబర్‌లో షార్ట్‌లిస్టులు రాగానే ఏ విభాగం పట్టుకుంటున్నారో ఇక్కడే చెప్పండి, ఆ పదిహేనులో మన దగ్గర దొరికేవి ఎక్కడెక్కడున్నాయో వెతికి రాస్తాను.